మన కుక్కే కదా, ఏమీ అనదు!

కుక్క కరిచిందని పిల్లవాణ్ని ఎత్తుకొచ్చిన తల్లిదండ్రులను మా సిస్టర్లు అడిగే మొదటి ప్రశ్న "ఏ కుక్క?" అని. వీధి కుక్క అనే జవాబు ఎక్కువే వస్తుంది. కానీ ఐదారేళ్ళలోపు పిల్లలైతే మాకు తరచుగా వినిపించే జవాబు వేరు. "మా ఇంటి కుక్కేనండి", "పక్కింటివాళ్ళదండి", "సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్తే అక్కడ మా తమ్ముడి కుక్కండి". వెంటనే ఇంకో మాట కూడా అంటారు. "ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అనదు సిస్టర్, ఇవాళే ఇలా చేసింది."

ఈ నెల ఆ మాట గురించే రాయాలనుకున్నాను. ఏమీ అనదన్న నమ్మకంతోనే పసిపిల్లల్ని కుక్క దగ్గర ఒంటరిగా వదిలేస్తాము. తీరా కరిచాక కూడా అదే నమ్మకంతో, మన కుక్కే కదా అని ఆస్పత్రికి రావడం ఆలస్యం చేస్తాము. మొదటి పొరపాటుతో గాయమవుతుంది. రెండో పొరపాటుతో ప్రాణం పోవచ్చు.

వీధి కుక్కల గురించి పత్రికల్లో, టీవీల్లో చాలా చర్చ జరిగింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు వీధి కుక్కల దాడిలో చనిపోయినప్పుడు కంటనీరు పెట్టుకోని తల్లి లేదు. 2025లో సుప్రీం కోర్టు ఈ సమస్యను తనంతట తానే విచారణకు తీసుకుని ఆదేశాలిచ్చింది. అదంతా ప్రభుత్వాలు, మున్సిపాలిటీలు చూడవలసిన పని. మన గుమ్మంలో పడుకున్న కుక్క సంగతి మాత్రం మనమే చూసుకోవాలి.

అన్నం పెట్టేది మనం, బాధ్యత ఎవరిది?

మన ఊళ్ళలో కుక్కను పెంచడం అంటే చాలాచోట్ల అన్నం పెట్టడమే. రాత్రి మిగిలిన అన్నం, ఆదివారం కూరలోని ఎముకలు గేటు బయట వేస్తాము. అది మన వాకిట్లో పడుకుంటుంది, కొత్తవాళ్ళు వస్తే మొరుగుతుంది. రాజు అనో టైగర్ అనో దానికి పేరు కూడా ఉంటుంది. "ఈ కుక్క మీదేనా?" అని అడిగితే మాత్రం జవాబు మారిపోతుంది. కాపలా కాసేటప్పుడు మన కుక్క. టీకా వేయించమన్నప్పుడు, ఎవరినైనా కరిచినప్పుడు వీధి కుక్క! దీన్ని నేను సగం పెంపకం అంటాను. పిల్లలకు ఈ తేడాలు తెలియవు. వాళ్ళు దాన్ని పూర్తిగా మన కుక్క అనే అనుకుని మెడ పట్టుకుని వేలాడతారు. రాత్రంతా అది ఎక్కడ తిరిగి, ఏ కుక్కతో కొట్లాడి వచ్చిందో ఎవరికీ తెలియదు.

పట్నాలలో ఇంకో రకం ఉంది. పిల్లవాడి పుట్టినరోజుకని ఖరీదైన జాతి కుక్కపిల్లను కొంటారు. రెండు నెలల పిల్ల ముద్దుగా ఉంటుంది. ఏడాదికి అది ముప్పై నలభై కిలోలవుతుంది, రోజూ బయట తిప్పాలి, తిండి ఖర్చు పెరుగుతుంది. తిప్పే తీరిక ఎవరికీ ఉండదు. బాల్కనీలోనో మేడ మీదో కట్టేస్తారు. బదిలీ అయ్యిందంటే ఏదో ఒక రోడ్డు పక్కన దింపేసి వెళ్ళిపోయేవాళ్ళు కూడా ఉన్నారు. ఇక ఇంటి కుక్క ఈనితే ఆడపిల్లలను గోనెసంచిలో వేసుకుని తీసుకుపోయి సంత దగ్గర వదిలిరావడం మన పల్లెల్లో అందరం ఎరిగినదే. ఈ రోజు మనం భయపడే వీధి కుక్కల్లో కొన్ని ఒకనాటి ఇంటి కుక్కలే, లేదా వాటి సంతానమే.

పగలంతా గొలుసుతో కట్టేస్తే కుక్కకు పౌరుషం పెరిగి బాగా కాపలా కాస్తుందని చెప్పే పెద్దలున్నారు. పెరిగేది పౌరుషం కాదు, భయమూ చిరాకూ. వదిలి ఉన్న కుక్క భయపడితే పారిపోతుంది. కట్టేసిన కుక్కకు పారిపోయే దారి లేదు కనుక కరుస్తుంది. బంతి దొర్లిపోయిందని దాని గొలుసు అందేంత దూరంలోకి వెళ్ళిన పిల్లవాడికి ఆ సంగతి తెలియదు. రాత్రి పూట గొలుసు విప్పి గేటు తీసి వదిలేసే ఇళ్ళున్న వీధిలో తెల్లవారుజామున పాలకు వెళ్ళే పిల్లల గురించి ఎవరు ఆలోచిస్తున్నారు?

పెంచుతున్నాము అని చెప్పుకోవాలంటే చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, పశువైద్యులు చెప్పిన ప్రకారం బూస్టరు, ఆ తరువాత తప్పకుండా ఏడాదికొకసారి. ప్రతి సంవత్సరం జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సంక్రమించే వ్యాధుల దినం సందర్భంగా, పశువుల ఆస్పత్రులలో ఉచితంగా ఈ టీకా వేస్తారు. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ బాలుడికి మొదటిసారి టీకా ఇవ్వడం మొదలుపెట్టారు, అందుకని ఆ రోజు. టీకా కార్డు పిల్లల టీకా కార్డు పక్కనే దాచుకోండి. పిల్లలు పెట్టకుండా ఆపరేషన్ చేయించండి. పట్టణాల్లో ఉంటే మున్సిపాలిటీ లైసెన్సు తీసుకోండి. బయటికి తీసుకెళ్ళేటప్పుడు పట్టీ పెద్దవాళ్ళ చేతిలో ఉండాలి. బలమైన కుక్కను పదేళ్ళ పిల్లవాడి చేతికిచ్చి వీధిలోకి పంపితే ఎవరు ఎవరిని తిప్పుతున్నట్టు?

పసిపిల్లలకే ఎందుకు ప్రమాదం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం, రేబిస్ అనుమానమున్న జంతువులు కరిచిన ప్రతి 100 మందిలో 40 మంది 15 ఏళ్ళలోపు పిల్లలే. దీనికి ఒక కారణం కంటికి కనబడేదే. పెద్దవాళ్ళను కుక్క కరిస్తే గాయం పిక్క మీదో చేతి మీదో ఉంటుంది. మూడేళ్ళ పాప ముఖమూ కుక్క నోరూ ఒకే ఎత్తులో ఉంటాయి. అందుకే పసిపిల్లల గాయాలు బుగ్గ మీద, పెదవి మీద, కంటి పక్కన, తల మీద చూస్తుంటాము. ముఖంలో, తలలో, వేళ్ళలో నరాలు ఎక్కువ. రేబిస్ వైరస్ నరాల వెంటే మెదడుకు ప్రయాణిస్తుంది. గాయం మెదడుకు ఎంత దగ్గరగా ఉంటే మనకున్న సమయం అంత తక్కువ.

రెండో కారణం పిల్లల ప్రేమ. మనం ప్రేమ చూపించడానికి చేసే పనులు కుక్కకు ప్రేమలా అనిపించవు. మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా కావలించుకోవడం, ముఖంలో ముఖం పెట్టి ముద్దు పెట్టుకోవడం, మీద ఎక్కి గుర్రమాట ఆడడం, నిద్రపోతున్నప్పుడు తోక లాగడం, తింటున్న గిన్నెలో చెయ్యి పెట్టడం. నూరుసార్లు ఓర్చుకున్న కుక్క నూట ఒకటోసారి ఓర్చుకోదు. చెవిపోటుతోనో, నడుము నొప్పితోనో ఉన్న ముసలి కుక్క అయితే అంతవరకూ కూడా ఆగదు. పిల్లల్ని ఈనిన కుక్క సంగతి చెప్పనక్కర్లేదు.

"మొరిగే కుక్క కరవదు" అనే సామెత మనుషుల విషయంలో ఎంత నిజమో నాకు తెలియదు గాని కుక్కల విషయంలో దాన్ని నమ్మవద్దు. మొరిగే కుక్కా కరుస్తుంది, మొరగని కుక్కా కరుస్తుంది. తోక ఊపితే స్నేహమే అనుకోవడం కూడా సరికాదు. తోకను నిటారుగా, బిర్రుగా పెట్టి ఊపుతుంటే అది స్నేహం కాదు, ఉద్రేకం. నిజానికి కుక్క కరవబోయే ముందు చాలాసార్లు చెబుతుంది. తల పక్కకు తిప్పుకుంటుంది, ఆహారం ఏమీ లేకుండానే పెదవులు నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, కళ్ళ పక్కన తెల్లగుడ్డు కనబడేట్టు వారగా చూస్తుంది, ఉన్నట్టుండి బిగుసుకుపోయి కదలకుండా నిలబడుతుంది. ఆ తరువాతే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు దాన్ని కొట్టేవాళ్ళున్నారు. కొడితే అది గుర్రుమనడం మానేస్తుందే గాని కరవడం మానదు. ఈసారి చెప్పకుండా కరుస్తుంది.

ఈ గుర్తులన్నీ పసివాడు చదవలేడు. చదవవలసింది మనం. అందుకని ఒకే ఒక్క నియమం మా ఆస్పత్రికి వచ్చే ప్రతి తల్లికీ చెబుతున్నాను. ఐదేళ్ళలోపు బిడ్డను ఏ కుక్కతోనూ, ఎంత సాధువైనదైనా, ఒంటరిగా వదలవద్దు. ఫోను మోగిందని లోపలికి వెళ్తే బిడ్డను చంకనేసుకుని వెళ్ళండి, లేదా కుక్కను గేటుకు అవతల ఉంచండి. ఉయ్యాలలో శిశువున్న గదిలోకి కుక్కను రానివ్వవద్దు. కొత్తగా బిడ్డ పుట్టిన ఇంట్లో, అంతవరకూ గారాబంగా పెరిగిన కుక్కను ఒక్కసారిగా బయట కట్టేస్తే అది బిడ్డ వల్లనే అన్నట్టు ప్రవర్తించడం చూస్తుంటాము. కాన్పుకు రెండు మూడు నెలల ముందునుంచే దాని చోటు, తిండివేళలు నెమ్మదిగా మార్చుకోవడం మంచిది.

కొంచెం పెద్దపిల్లలకైతే నేర్పవచ్చు. తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న, కట్టేసి ఉన్న కుక్క జోలికి పోకూడదు. ఇతరుల కుక్కను ముట్టుకోవాలంటే యజమానిని అడగాలి. కుక్క మీదికి వస్తే పరుగెత్తకూడదు. పరుగెత్తేదాన్ని తరమడం దాని స్వభావం. "చెట్టు" అనగానే చేతులు ఒంటికి ఆనించుకుని, నేల వైపు చూస్తూ, అరవకుండా కదలకుండా నిలబడాలి. కింద పడిపోతే "రాయి" అనుకుని బోర్లా ముడుచుకుని, రెండు చేతులతో మెడనూ చెవులనూ కప్పుకోవాలి. దీన్ని ఆదివారం బడిలో ఆటలాగా పది నిమిషాల్లో నేర్పించవచ్చు. పిల్లలు నవ్వుతూ నేర్చుకుంటారు, అవసరం వచ్చినప్పుడు చేతులు కాళ్ళు వాటంతటవే గుర్తు చేసుకుంటాయి.

కరిస్తే మొదటి పదిహేను నిమిషాలు

గాయాన్ని కుళాయి కింద పెట్టి, సబ్బు బాగా రుద్ది, 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకోండి, ఎందుకంటే ఏడుస్తున్న బిడ్డను పట్టుకున్నప్పుడు రెండు నిమిషాలే పావుగంటలా అనిపిస్తాయి. బట్టల సబ్బయినా పరవాలేదు. కుళాయి లేకపోతే చెంబుతో పోస్తూ కడగండి. రేబిస్ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు ఆ పొరను కరిగించి వైరస్‌ను చంపుతుంది. ఇంత చవకైన మందు మా ఫార్మసీలో కూడా లేదు.

అయినా మా దగ్గరకు వచ్చే గాయాల మీద సబ్బు కంటే ఎక్కువగా కనబడేవి కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు. ఇవి వైరస్‌ను ఏమీ చేయవు. పుండును మండించి, మేము శుభ్రం చేయడానికి ఇంకో అరగంట పట్టేట్టు చేస్తాయి. కట్టు కట్టవద్దు. గాయం తెరిచే ఉంచి తీసుకురండి. కుట్లు కూడా సాధారణంగా వెంటనే వేయము. ముఖం మీద తప్పనిసరైతే ముందు గాయంలో మందు ఎక్కించి, ఆ తరువాతే డాక్టరుగారు వదులుగా వేస్తారు.

"బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అనే భయం ఇప్పటికీ పోలేదు. నేను నర్సింగ్ చదివే రోజుల్లో అవి నిజమే. గొర్రె మెదడు నుంచి తయారుచేసిన ఆ మందును పొట్ట మీదే వేసేవాళ్ళం, పిల్లల్ని నలుగురు పట్టుకోవాల్సి వచ్చేది. ఆ మందు తయారీని మన దేశంలో 2004 చివర నిలిపివేశారు. ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటి టీకా చేతికి వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు, ప్రతిసారీ రెండు భుజాలకు చుక్కంత మందు. కండకు వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, 3, 7, 14, 28 రోజుల్లో మొత్తం ఐదు సూదులు, పసిపిల్లలకు తొడ ముందు భాగంలో. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ వేయవచ్చు. పథ్యమేమీ లేదు. వంకాయ, మాంసం మానాలని ఎవరో చెప్పారని బిడ్డను నెల రోజులు చారన్నం మీద ఉంచిన అమ్మలను చూశాను. మానవలసింది కూరలు కాదు, ఆలస్యం.

చర్మం చీలి రక్తం వచ్చిన గాయమైతే టీకా ఒక్కటే చాలదు. టీకా మన ఒంట్లో రక్షణ తయారుచేయడానికి వారం పైనే పడుతుంది. ఆ మధ్య రోజుల్లో కాపాడడానికి ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే సిద్ధంగా ఉన్న రక్షణను బిడ్డ బరువును బట్టి లెక్కకట్టి, గాయం లోపలా చుట్టూ ఎక్కిస్తారు. నొప్పిగా ఉంటుంది, దాచను. "ఇప్పటికే ఏడుస్తున్నాడు, ఇక చాలు సిస్టర్" అని బిడ్డను లాక్కుపోవద్దు. ఇది మొదటి రోజే వేయించడం మంచిది. ఆ రోజు దొరకకపోతే మొదటి టీకా నుంచి 7 రోజుల లోపల మాత్రమే వేయవచ్చు. 2025 మార్చిలో కేరళలోని మలప్పురం జిల్లాలో వీధి కుక్క కరిచిన ఐదేళ్ళ పాప, టీకా వేయించినా మరుసటి నెలలో రేబిస్‌తో చనిపోయింది. ఆ పాపకు తల మీద గాయాలున్నాయి. ఇలా జరగడం అరుదు. అయినా తల, ముఖం గాయాల విషయంలో ప్రతి గంటా ఎందుకు లెక్కపెడతామో దీన్ని బట్టి అర్థమవుతుంది.

కరవలేదు, గోళ్ళతో రక్కిందంతే అంటారు. రక్కినా టీకా వేయించాలి. బిడ్డ మోకాలి మీద మానని పుండును కుక్క నాకినా, నోట్లో కంట్లో దాని చొంగ పడినా అది రక్తం వచ్చిన కాటుతో సమానమే. చెక్కుచెదరని చర్మాన్ని నాకితే మాత్రం కడుక్కుంటే చాలు, సూది అక్కర్లేదు.

"మా కుక్కకు టీకాలన్నీ వేయించాం" అనే యజమానిని నేను మెచ్చుకుంటాను. కానీ బిడ్డకు సూది మొదలుపెట్టడం మాత్రం ఆపను. కుక్కను కట్టేసి, అన్నం నీళ్ళు పెట్టి 10 రోజులు గమనించండి. పది రోజులూ ఆరోగ్యంగా ఉంటే మిగిలిన డోసుల సంగతి డాక్టరుగారు నిర్ణయిస్తారు. కోపంతో కర్రలు తీసుకుని దాన్ని చంపేస్తే, అది జబ్బుదో కాదో తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

దాచిన కాటు

2023 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని ఘాజియాబాదులో 14 ఏళ్ళ బాలుడు రేబిస్‌తో చనిపోయాడు. నెల రోజులకు పైగా ముందు పక్కింటివాళ్ళ కుక్క కరిచింది. తిడతారని ఇంట్లో చెప్పలేదు. నీళ్ళకు భయపడడం మొదలయ్యాక గాని తల్లిదండ్రులకు తెలియలేదు. 2025 జూన్‌లో అదే రాష్ట్రంలోని బులంద్‌షహర్ జిల్లాలో ఒక యువ కబడ్డీ ఆటగాడు, మురుగుకాలువలో పడ్డ కుక్కపిల్లను కాపాడబోయి దానిచేత కరిపించుకుని, చిన్నగాయమే కదా అని సూది వేయించుకోక చనిపోయాడు.

రేబిస్ లక్షణాలు సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలల్లో బయటపడతాయి, ఒక్కోసారి ఇంకా ముందే, ఒక్కోసారి ఏడాది తరువాత. మానిపోయిన గాయం దగ్గర తిమ్మిరి, జ్వరం, ఆ తరువాత నీళ్ళ భయం. దాహమని బిడ్డే నీళ్ళు అడుగుతాడు. గ్లాసు చూడగానే గొంతు బిగుసుకుపోయి వణికిపోతాడు. ఫ్యాను గాలి తగిలినా అంతే. మధ్య మధ్య పూర్తి తెలివితో అమ్మతో మాట్లాడతాడు కూడా. ఆ దశలో నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి తీసుకెళ్ళినా, ఇంకెంత పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళినా బాధ తగ్గించడం తప్ప చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఒక్క మాట ముందుగా చెప్పి ఉంటే పూర్తిగా ఆపగలిగిన జబ్బు ఇది.

పిల్లలు ఎందుకు చెప్పరు? దెబ్బలు పడతాయని ఒక భయం, సూది వేస్తారని ఇంకో భయం. ఈ రెండో భయం మనం పెట్టిందే. "అల్లరి చేశావంటే సిస్టర్‌తో సూది వేయిస్తా" అని మా ముందే పిల్లలను బెదిరిస్తారు. మేము నవ్వుతాము గాని లోపల బాధగానే ఉంటుంది. అదే బిడ్డ రేపు కుక్క కరిచిందని ఎవరికి చెప్పాలి? ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలతో ఒక్కసారి అనండి: కుక్క గాని పిల్లి గాని కోతి గాని కరిచినా రక్కినా వెంటనే చెప్పు, తప్పు నీదైనా ఎవరం తిట్టం, కొట్టం. స్నానం చేయించేటప్పుడు ఒళ్ళు చూసుకోండి. పసివాళ్ళకు చెప్పడం రాదు, గాటు కనబడుతుంది.

పక్కింటివాళ్ళ కుక్క అయితే

ఇది సున్నితమైన సంగతి, కానీ చెప్పకుండా ఉండలేను. కరిచిన కుక్క యజమాని, గాయపడిన బిడ్డ తండ్రి ఒకే వీధివాళ్ళు, ఒకే సంఘంవాళ్ళు, ఒక్కోసారి వియ్యంకులు. ఆస్పత్రికి వెళ్తే కేసవుతుందేమో, వదినగారు నొచ్చుకుంటారేమో అని మొహమాటపడి రెండు రోజులు గడిపేస్తారు. దయచేసి మాటలన్నీ తరువాతకు ఉంచండి, ముందు బిడ్డను తీసుకురండి. సూది వేయించడం ఎవరి మీదా నేరం మోపడం కాదు.

కుక్క యజమానులారా, ఆ సమయంలో మీరు చేయవలసింది "మీవాడే రాయి విసిరాడు" అని వాదించడం కాదు. ఐదేళ్ళవాడు రాయి విసురుతాడు, వాడికి అంతే తెలుసు. గేటు వేసుకోవలసినవారు పెద్దవాళ్ళు. మీరే ఆటో పిలిచి బిడ్డతో రండి. కుక్క టీకా కార్డు తీసుకురండి, టీకా వేయించకపోతే వేయించలేదని నిజం చెప్పండి, మందుల ఖర్చు పెట్టుకోండి, పది రోజులు కుక్కను కనబడేట్టు ఉంచండి. ఇలా చేసిన ఇళ్ళ మధ్య తగవులు రావడం నేను పెద్దగా చూడలేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఆ జరిమానా 1,000 రూపాయలే. ఈ న్యాయం కొత్తదేమీ కాదు. పొడిచే ఎద్దు గురించి నిర్గమకాండము 21వ అధ్యాయంలో ఉన్నది చదవండి. అది పొడుస్తుందని ముందే హెచ్చరించినా కట్టివేయని యజమాని బాధ్యత ఎంతో అక్కడ చెప్పబడింది. ఒకసారి ఎవరినైనా పట్టుకోబోయిన కుక్క ఇంట్లో ఉంటే, ఆ హెచ్చరిక మీకు అందినట్టే.

టీకా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా వేస్తారు. హైదరాబాదులో ఉండేవారికి నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ తెలిసినదే. ఇమ్యూనోగ్లోబ్యులిన్ చిన్న కేంద్రాల్లో ఉండకపోవచ్చు, జిల్లా ఆస్పత్రికి పంపితే ఆ రోజే వెళ్ళండి. సెలవుల్లో ఊరు వెళ్ళినప్పుడు కరిస్తే అక్కడే మొదలుపెట్టి, కార్డు తెచ్చుకుని ఇక్కడ కొనసాగించవచ్చు. ఒకసారి పూర్తి కోర్సు వేయించుకున్న బిడ్డను మళ్ళీ కుక్క కరిస్తే మొదటి రోజు, 3వ రోజు రెండు డోసులతో సరిపోతుంది, ఇమ్యూనోగ్లోబ్యులిన్ అక్కర్లేదు. అందుకే ఆ కార్డు పారేయవద్దు.

మూడు సూదులకు క్రమం తప్పకుండా వచ్చినవారిలో కొందరు నాలుగోదానికి రారు. గాయం మానిపోయి ఉంటుంది, బిడ్డ బడికి వెళ్తుంటాడు, కుక్క కూడా వాకిట్లో తిరుగుతుంటుంది. 28వ రోజు తేదీ మీ కార్డు మీద ఎర్ర సిరాతో రాసి ఇస్తున్నాము. ఆ రోజు ఆదివారమైనా, పండుగైనా మన ఇంజెక్షన్ గది తెరిచే ఉంటుంది.